రాజలింగం అడగాలనుకున్న పువ్వు

డిండోలిలో వార్డు ఉపఎన్నిక ప్రకటించగానే పరుశురాం ఆటోకు మైకు కట్టుకుని గల్లీ గల్లీ తిరిగాడు. "ఈ వార్డు భవిష్యత్తు మీ ఒక్కొక్కరి వేలి మీద ఉన్నది" అని చాటాడు. ముగ్గురు అభ్యర్థులూ అతన్నే కిరాయికి మాట్లాడుకున్నారు కాబట్టి ఎవరి పేరూ ఎత్తకుండా న్యాయంగా చాటాడు.

మరమగ్గాల కార్ఖానాలో పనిచేసే రాజలింగం తన వేలు చూసుకున్నాడు. ముగ్గురికీ ఒక్కోసారి ఓటేసిన వేలు అది. అంబదాస్ గెలిచి గటర్ కాలువ పనికి శంకుస్థాపన రాయి వేశాడు. శివకృష్ణ గెలిచి దాని పక్కన ఇంకా పెద్ద రాయి వేశాడు. సారక్క గెలిచి రెండు రాళ్లకూ రంగు వేయించింది. ఎవరి కృషినీ కాదనలేం. వాన పడితే మాత్రం గటర్ నీళ్లు ఇప్పటికీ రాజలింగం ఇంట్లోకి, దేవుడి గూటి దాకా వస్తాయి.

"ఈసారి ఎవలకేస్తవ్?" అంది భార్య భాగ్యలక్ష్మి, దేవుడి పటాలు అటక మీదికి ఎక్కిస్తూ.

"ఎవలకేసినా గంతే. ఎయ్యకుంటే పాపమేమో."

"నోటా ఉన్నది గద."

"నోటా గెలిస్తే గటర్ తవ్వుతదా?"

ఏ సంగతీ తేలనప్పుడు మార్కండేయుడి గుళ్లో పువ్వు అడగడం వాళ్ల ఆనవాయితీ. తడిపిన పువ్వులు విగ్రహానికి అంటిస్తారు. ముందు రాలిందే దేవుడి మాట. ముగ్గురి పేర్ల మీద మూడు పువ్వులు పెడదామన్నాడు రాజలింగం. నామినేషన్ల ఉపసంహరణకు ఆఖరి రోజున ముహూర్తం కుదిరింది. పూజారి నాగభూషణం ఈ మాట ఎవరికీ చెప్పలేదు, అడిగిన ముగ్గురికి తప్ప.

మర్నాడే అంబదాస్ గర్భగుడికి ఫ్యాను సమర్పించాడు. గాలికి పువ్వు కదులుతుందని శివకృష్ణ విగ్రహానికి అద్దాల పెట్టె సమర్పించాడు. సారక్క బంగారం తూచే కాటా తెచ్చి మూడు పువ్వులనూ తూయించింది.

"నీ పువ్వుకు రెండు రెక్కలు ఎక్కువున్నయ్ తమ్మీ."

"తెంపెయ్యక్కా. దేవుని ముంగట దాపరికమేంది?" అన్నాడు శివకృష్ణ.

ఇంత శుభ్రమైన ఎన్నిక డిండోలి ఎన్నడూ చూడలేదు.

ముహూర్తం నాడు గుడి నిండిపోయింది. రాజలింగానికి చెప్పుల దగ్గర చోటు దొరికింది.

"జర జరుగుండ్రి, దేవున్ని అడిగే సవాలు నాది" అన్నాడు.

"ఆడికెంచే అడుగు కాక. దేవునికి ఇనవడ్తది" అన్నాడు పరుశురాం.

పది నిమిషాలకు శివకృష్ణ పువ్వు రాలింది. అంబదాస్, సారక్క భక్తితో లెంపలేసుకుని పోటీ నుంచి తప్పుకున్నారు. ఇద్దరికీ శివకృష్ణ పార్టీలో పదవులిస్తూ కాగితాలు అక్కడికక్కడే చేతికందాయి. వాటి మీద తేదీ మొన్నటిది. మూడు గంటలకల్లా శివకృష్ణ ఏకగ్రీవం.

దేవుడు జవాబు చెప్పింది తనకా, వాళ్లకా అని రాజలింగానికి చిన్న అనుమానం వచ్చింది. అనుమానించడం తప్పని తనూ లెంపలేసుకుని, శివకృష్ణ దగ్గరికి వెళ్లాడు.

"మరి నా ఓటు?"

"దేవుడే ఏసిండు కాక. నీకు లైన్ల నిలబడే తక్లీఫ్ తప్పింది."

"గటర్ సంగతి?"

శివకృష్ణ విగ్రహం వైపు తిరిగి చేతులు జోడించాడు. "నాదేమున్నది? అది గూడ ఆయననే అడుగు."

రాజలింగం వెంటనే గుడి పూలబుట్టలో చెయ్యి పెట్టాడు. ఖాళీగా ఉంది. పువ్వులన్నీ శివకృష్ణ మెడలో ఉన్నాయి.