అన్నయ్యా, టిన్‌కప్పే!

ఆ మంగళవారం ఉదయం డెల్ఫా పెట్టుకున్న పనులు మూడే. బండిలో పెట్రోలు కొట్టించడం, నీళ్ల డబ్బాలు నింపడం, నోరు మూసుకోవడం. మొదటి రెండూ చిటికెలో అయిపోయేవే. ప్రాణం తీసింది మూడోదే.

డ్రై ఫోర్క్ ఊళ్లో ఒక మర్యాద ఉంది. మనిషి వయసడగొచ్చు, రోగమడగొచ్చు, విడాకులెందుకయ్యాయనీ అడగొచ్చు. వేటకెక్కడికి వెళుతున్నావని మాత్రం అడగకూడదు. అడిగితే అవతలివాళ్లు అబద్ధం చెప్పి తీరాలి. చుట్టూ ఉన్న కొండలన్నీ సర్కారువి, అంటే అందరివీ. మంచి చోటొకటి బయటపడిందా, తెల్లారేసరికి అక్కడ తిరునాళ్లే.

డెల్ఫాకు నలభై ఏడేళ్లు. బడి వంటశాలలో మూడు వందల మందికి వండి పెడుతుంది. ఇప్పటికి రెండు దుప్పులను కొట్టింది, గాడిద చెవులుండే మ్యూల్ డీర్ జాతివి. రెండింటి కొమ్ములూ ఆమె అన్న థేన్ గరాజు గోడకే వేలాడుతున్నాయి. "చూసింది నేను, మోసింది నేను. అది ఊరికే ట్రిగ్గర్ నొక్కింది," అని వాడు వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. అందుకే ఈసారి సర్కారు లాటరీలో తన పేరిట ట్యాగు, అంటే ఒక దుప్పిని వేటాడే అనుమతి చీటీ, రాగానే డెల్ఫా ఒట్టు పెట్టుకుంది. ఈ దుప్పిని తానే వెతకాలి, తానే కొట్టాలి, తానే మోయాలి. ఇంకొకళ్ల వేలు కూడా పడకూడదు. జూన్ నుంచీ మ్యాపు ముందేసుకుని కూర్చుంది. వేసవంతా వీపున పిండి బస్తా కట్టుకుని బడి మైదానం చుట్టూ తిరిగింది. పిల్లలు పగలబడి నవ్వారు. నవ్వనీ అనుకుంది.

"ఎక్కడికెళ్తున్నావో నాక్కూడా చెప్పకపోతే ఎలా? రేపు కాలు విరిగి పడుంటే ఎక్కడని వెతకను?" అన్నాడు భర్త ఓర్వల్, గుడ్లు వేయిస్తూ.

అదీ నిజమే. డెల్ఫా కిటికీ తెర లాగి మరీ చెప్పింది. "టిన్‌కప్ లోయ. రేపు సాయంత్రం నాలుగింటికి రోడ్డు దగ్గరికి కాఫీ పట్టుకురా, చాలు. ఎవరైనా అడిగితే మాత్రం గట్టుకి అవతలున్న జింకల కనుమ అని చెప్పు. ఏదీ, అను."

"జింకల కనుమ," అన్నాడు ఓర్వల్. చెవులు రెండూ ఎర్రబడ్డాయి. పెళ్లినాడు పాదిరి 'కష్టసుఖాల్లో తోడుంటావా' అనడిగితే 'ఉండగలననే అనుకుంటున్నా' అన్న మనిషి పాపం!

పది గంటలకు కాఫీ హోటల్లో థేన్ పట్టుకోనే పట్టుకున్నాడు. "ఏం బావా, మా చెల్లెలు ఎటు?" ఓర్వల్ నోరు తెరిచాడు. కనుమ అందామనుకున్నాడు. టిన్‌కప్ అనేశాడు. కప్పు అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తుకొచ్చి పెళ్లాం ముందు తల వంచుకు నిలబడ్డాడు.

"కొంప ముంచావు కదయ్యా!" డెల్ఫా నెత్తి కొట్టుకుంది. అయితే కూర్చుని ఏడ్చే రకం కాదు. "సరే. ఊరంతా టిన్‌కప్‌కి పోతుంది కాబట్టి నేనే కనుమకి పోతా." గంటసేపు కూర్చుని మ్యాపు మీద ఎర్ర పెన్సిలుతో కొత్త దారి గీసుకుంది.

పెట్రోలు బంకులో హోటలు యజమానురాలు మార్వెల్లా ఎదురైంది. "కనుమకటగా! పెద్దది పడాలి తల్లీ!"

డెల్ఫా చేతిలో గొట్టం ఆగిపోయింది. "ఎవరన్నారు?"

"ఎవరో అనాలా? మీ ఆయన టిన్‌కప్ అన్నాడు. అంటే టిన్‌కప్ కాదనేగా! ఆ పక్కన ఇంకేముంది, కనుమే. మా హోటల్లో అందరూ అదే మాట."

పుట్టి బుద్ధెరిగాక ఒక్క అబద్ధమాడని మొగుడు! అలాంటివాడి మాటే నమ్మలేదంటే, ఈ ఊళ్లో నిజాన్ని మించిన దాపు లేదని డెల్ఫాకు తెలిసొచ్చింది. అంతలో థేన్ బండి వచ్చి పక్కనే ఆగింది.

"ఒక్కదానివే పోతావా, పిచ్చి మొహమా? ఎలుగుబంట్లు తిరుగుతున్నాయి. ఎక్కడికో చెప్పు, నేనూ వస్తా."

డెల్ఫా వాడి కళ్లలోకి సూటిగా చూసింది. "అన్నయ్యా, టిన్‌కప్పే. అమ్మ మీద ఒట్టు."

"అమ్మ మీద ఒట్టా!" థేన్ కన్ను గీటాడు. "ఓసి, ఎంతకి తెగించావే! పో, నీ ఇష్టం." బండి మలుపు తిరక్కముందే వాడు ఫోను తీసి, రేపు కనుమకేనని ఆరుగురికి కబురు పెట్టాడు.

మర్నాడు పొద్దు పొడిచేసరికి డెల్ఫా టిన్‌కప్ లోయలో ఒక తుప్ప కింద కూర్చుని ఉంది. మనిషన్నవాడు లేడు. గాలి కూడా ఎదురుగానే వీస్తోంది. ఆనందంతో కళ్లు చెమర్చాయి. సరిగ్గా అప్పుడే గట్టుకి అవతల బండి తలుపులు ధడేల్ ధడేల్‌మన్నాయి.

"డెల్ఫా! భయపడకే! మేమొచ్చాం!"

థేన్ గొంతే. వెనకాల ఇంకో ఆరు గొంతులు. డెల్ఫాకు ఏడుపొచ్చింది. ఇంత కష్టమూ ఈ వెధవ అరుపులతో సరి! లేచి వాళ్ల నోళ్లు మూయించాలనిపించింది. పలికితే ఇక్కడికే వస్తారు. పళ్లు బిగబట్టి కూర్చుంది. కాళ్లు మొద్దుబారినా కదల్లేదు.

అరగంటకు గట్టు మీద ముందు రెండు పెద్ద చెవులు లేచాయి. వాటి మధ్య కొమ్ములు. మగ దుప్పి! వెనక్కి, థేన్ అరుపులవైపు చూసుకుంటూ, నేరుగా ఆమెవైపే నడిచి వచ్చింది. డెల్ఫా ఊపిరి బిగబట్టింది. ఒక్కటే తూటా.

రూలు ప్రకారం ట్యాగు మీద ఆనాటి తేదీ దగ్గర తన కత్తితోనే గంటు పెట్టింది. దుప్పిని ముక్కలు చేసి, సంచుల్లో నింపి, మైలున్నర దూరం మూడుసార్లు మోసింది. మూడోసారి కొమ్ములు వీపుకి కట్టుకుని రోడ్డెక్కేసరికి తుపాకి చప్పుడు విని వచ్చిన ఆ ఏడుగురూ, గొంతులు పోయి, ఆమె బండి దగ్గరే ఉన్నారు. ఓర్వల్ కాఫీ ఫ్లాస్కు పట్టుకుని ఒక పక్కగా నిలబడ్డాడు.

"ఇటివ్వు, నేనెక్కిస్తా," అని థేన్ చెయ్యి చాచాడు.

"వేలు తగిలిందా, విరిచేస్తా."

తానే ఎక్కించింది. థేన్ కొమ్ములు చూశాడు, గట్టుకేసి చూశాడు. మొహం వెలిగింది. "ఇది కనుమలోంచేగా వచ్చింది? ఇంకేం, తోలింది మేమే! నీ మీదకి తోలింది నేనేనే చెల్లీ! గరాజులో ఎడమ పక్క చోటుంది." ఆరుగురూ తలలూపారు.

డెల్ఫా కొమ్ములను గట్టిగా పట్టుకుంది. వాళ్ల అరుపులకే వచ్చిందని ఆమెకూ తెలుసు.

"అంటే బావా," అన్నాడు ఓర్వల్ అమాయకంగా, "తను టిన్‌కప్‌లో ఉందని నీకు ముందే తెలుసన్నమాట."

"తెలియకేం! నువ్వే చెప్పావుగా!"

"మరి పొద్దుట్నించీ కనుమలో డెల్ఫా డెల్ఫా అని ఎవర్ని పిలిచావు?"

అందరూ థేన్ మొహంకేసి చూశారు. ఎవరో దగ్గారు. దుప్పిని తోలింది తనేననాలంటే, అబద్ధమాడటమే రాని ఓర్వల్ నిజం చెబితే నమ్మక మోసపోయానని థేన్ ఊరందరిముందూ ఒప్పుకోవాలి. వాడు గడ్డం గోక్కున్నాడు, బూటుతో రాయి తన్నాడు.

"దాని మానాన అదే వచ్చుంటుందిలే," అన్నాడు చివరికి.

ఆ కొమ్ములు ఇప్పుడు డెల్ఫా వంటింట్లో పొయ్యి పైన ఉన్నాయి. మేకు కూడా ఆమే కొట్టింది. మరుసటేడు మళ్లీ ట్యాగు వచ్చినప్పుడు థేన్ బంకులో పట్టుకుని, ఈసారి ఎటని అడిగాడు.

"అన్నయ్యా, టిన్‌కప్పే," అంది డెల్ఫా.

మర్నాడు కనుమలో తొమ్మిది బండ్లు ఆగాయట.