పద్మావతి గారి తంబోలా

శుక్రవారం పొద్దున పద్మావతి పెట్టుకున్న పని ఒక్కటే. కాఫీ తాగి, పెన్‌డ్రైవ్ కొంగున ముడేసుకుని, కాలనీ హాల్లో ఉన్న కంప్యూటర్‌లో తన తంబోలా ప్రోగ్రాం ఎక్కించి రావడం. సాయంత్రం ప్రగతి నగర్ ఆడవాళ్లంతా ఆటకు వస్తారు. ఇన్నాళ్లూ అంకెలు పిలిచేది కాలనీ సెక్రటరీ రామచంద్రం. ఆయన నోట్లో పాన్ ఉంటే అరవై, డెబ్బై ఒకేలా వినిపించేవి. అందుకని పద్మావతి తానే ఒక ప్రోగ్రాం రాసింది. డెబ్బైల చివర్లో సర్కారు ఆఫీసులో కంప్యూటర్ కార్డులకు చిల్లులు కొట్టే ఉద్యోగంలో చేరిన మనిషి. రిటైరయ్యాక ఇదే ఆమె సరదా.

రామచంద్రం పెన్‌డ్రైవ్ పెట్టాడో లేదో, తెర ఎర్రబడి కుయ్యోమంది.

"గిదేందమ్మా, గిట్ల మొత్తుకుంటుంది? లోపల వైరస్ ఉన్నదంట. ఆపేసిన అంటుంది."

"నేను రాసిన దాంట్లో వైరస్ ఎందుకుంటుందండీ? మీ యాంటీవైరస్‌కి కళ్లు కనిపించడం లేదు."

"నాకేం ఎరుకమ్మా? ఎందుకైనా మంచిది, అందరికీ జర చెప్పిపెడత" అని రామచంద్రం కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక ముక్క పెట్టాడు: 'పద్మావతమ్మ ఇంటి నుంచి వైరస్ వచ్చింది. ఎవరూ ముట్టుకోవద్దు.'

పెన్‌డ్రైవ్ అన్న మాట రాయడం మరిచిపోయాడు.

పద్మావతి ఇల్లు చేరేసరికి పనిమనిషి చంద్రమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మెట్ల మీదే నిలబడి ఉంది. "అమ్మా, బోళ్లు బయట పెట్టుండ్రి. మా ఇంట్ల చిన్న పిల్లగాండ్లున్నరు." పక్కింటి పుణ్యవతి మిరియాల చారు గిన్నె గుమ్మంలో పెట్టి, బెల్లు కొట్టి పరుగెత్తింది. కాసేపటికి మునిసిపాలిటీ మనిషి వచ్చి వాకిట్లో, తులసి కోటతో సహా, బ్లీచింగ్ పౌడర్ చల్లి వెళ్లాడు.

భర్త కామేశ్వరరావు మెత్తని మనిషి. చారు రుచి చూస్తూ అన్నాడు: "పోనీలేవే పద్మా. ఈ వారానికి అంకెలు రామచంద్రం గారినే పిలవమందాం."

"ఎందుకు పిలవాలండీ? ఉద్యోగం చేసినన్నాళ్లూ నా పనిని ఒకరు వేలెత్తి చూపింది లేదు. ఇప్పుడు ఊరూ పేరూ తెలియని యంత్రం దొంగ సరుకంటే పడి ఊరుకుంటానా? ఆ యాంటీవైరస్ కంపెనీ రాయదుర్గంలోనే ఉందట. చెప్పులేసుకోండి."

మెట్రో మారి ఇద్దరూ రాయదుర్గంలో దిగారు. అద్దాల మేడ గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి ఆపాడు.

"అపాయింట్‌మెంట్ ఉన్నదా అమ్మా?"

"నా ప్రోగ్రాంని దొంగ అనడానికి మీవాళ్లు నా అపాయింట్‌మెంట్ తీసుకున్నారా?"

దానికేం చెప్పాలో అతనికి ఎవరూ నేర్పలేదు. పెన్‌డ్రైవ్ ఏదైనా లోపలికి వెళ్లాలంటే పరీక్షించాలని మాత్రం నేర్పారు. రిసెప్షన్ కంప్యూటర్‌లో పెట్టాడు. అంతే, మేడంతా కుయ్యోమంది. తలుపులు వాటంతటవే బిగుసుకున్నాయి. భోజనానికి బయల్దేరిన వాళ్లందరూ టిఫిన్ డబ్బాలతో రెండు అద్దాల తలుపుల మధ్య ఇరుక్కుపోయారు. కామేశ్వరరావు గోడవైపు తిరిగి, భార్య ఎవరో తెలియనట్టు నిలబడ్డాడు.

నాగేశ్వరి అనే ఇంజనీరమ్మాయి మెట్ల మీదుగా పరుగున దిగి వచ్చింది. సంగతంతా విని నెమ్మదిగా చెప్పింది: "మేడమ్, ఎక్కువ మంది వాడని కొత్త ప్రోగ్రాం కనిపిస్తే మా యాంటీవైరస్ అనుమానిస్తుందండి. సేఫ్టీ కోసమే."

"ఎవరూ వాడకముందే మీరు ఆపేస్తుంటే, ఎక్కువ మంది ఎలా వాడతారమ్మా?"

అద్దం వెనకాల ఎవరో టిఫిన్ డబ్బా మీద దరువేశారు. తక్కినవాళ్లు అందుకున్నారు.

"అయినా వైరస్ అంటున్నారుగా, ఏ వరుసలో ఉందో వేలు పెట్టి చూపించు. చూపించేదాకా నేను కదలను" అని పద్మావతి సోఫాలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

నాగేశ్వరి ప్రోగ్రాం మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఎవరి సమాచారమూ దొంగిలించడం లేదు, ఎక్కడికీ ఏదీ పంపడం లేదు. "సారీ మేడమ్, తప్పు మాదే" అని ఒప్పుకుని, కంపెనీ జాబితాలో దాన్ని నిర్దోషిగా చేర్చింది. తలుపులు తెరుచుకున్నాయి. పద్మావతి అంతటితో వదల్లేదు. అక్కడి నుంచే రామచంద్రానికి ఫోన్ చేయించింది. సాయంత్రానికి గ్రూపులో ఆయన క్షమాపణ కూడా వచ్చింది. ఈసారి పెన్‌డ్రైవ్ అన్న మాట రెండుసార్లు రాశాడు.

ఆ రోజు హాల్లో కుర్చీలు చాలలేదు. చంద్రమ్మ కూడా టికెట్ పట్టుకుని ముందు వరుసలో కూర్చుంది. రామచంద్రం పెన్‌డ్రైవ్ పెట్టాడు. తెర ఎర్రబడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. పద్మావతి లేచి నిలబడి, మెడ నిటారుగా పెట్టి మీట నొక్కింది. కంప్యూటర్ గొంతు స్పష్టంగా, పాన్ లేకుండా పలికింది:

"సున్నా."

అందరూ తమ టికెట్లలో వెతుక్కున్నారు. పక్కవాళ్ల టికెట్లలోనూ వెతికారు.

"అమ్మా, తంబోలాల సున్న యాడుంటదమ్మా?" అన్నాడు రామచంద్రం.

పద్మావతికి చప్పున వెలిగింది. ఒకటి నుంచి తొంభై దాకా అని రాయాల్సిన చోట, సున్నా నుంచి ఎనభై తొమ్మిది దాకా అని రాసింది. ఇంట్లో నాలుగైదు అంకెలు పలికించి చూసి, సరిపోయిందనుకుంది. కామేశ్వరరావు మళ్లీ గోడవైపు తిరిగాడు.

ఆమె మాత్రం తల దించలేదు.

"వైరస్ అయితే కాదుగా!" అని మళ్లీ మీట నొక్కింది.

ఒక్క తొంభై వస్తే టికెట్ నిండి ఫుల్‌హౌస్ కొట్టేసే పుణ్యవతి, హాలుకు తాళం వేసేదాకా ఎదురుచూసింది.