మా డాక్టరమ్మ నర్సయిన శుభవేళ

డాక్టరు చదువు తలలో ఉంటుందనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. చదువు ఉండేది లైసెన్సులో! ఆ కాగితం సముద్రం దాటితే చెల్లదు కనుక చదువూ చెల్లదు. ఇంత న్యాయమైన ఏర్పాటు చేసినవాళ్లకు దండం పెట్టకుండా తిట్టుకుంటారేం?

మా సాన్ విదాల్ దీవి సంగతే చూడండి. ఫిలిప్పీన్స్ పటం మీద ఈగ వాలినంత ఉంటుంది. పదకొండు వేలమందిమి, ఒక్క డాక్టరమ్మ. పేరు ఫ్లోరబెల్ మగ్బానువా. కాన్పులు, డెంగీ జ్వరాలు, గాలాలు దిగిన వేళ్లు, నా గుండె దడ, పన్నెండేళ్లపాటు అన్నీ ఆవిడే చూసింది. ఒకసారి ఊగుతున్న పడవలోనే కవలల్ని బయటికి తీసింది.

అలాంటి మనిషి పిల్లల చదువుల కోసం అమెరికా వెళ్లి డాక్టరుగా పనిచేస్తానంటే ఏమన్నారు? పరీక్ష మీద పరీక్ష రాసి, ఆ పైన ఏళ్లకేళ్లు కుర్రవాళ్ల పక్కన మళ్లీ శిష్యరికం చెయ్యమన్నారు. నర్సుగా అయితే తొందరగా రావచ్చన్నారు. ఎంత దయ!

అందుకని మా డాక్టరమ్మ శనివారాలు లాంచీ ఎక్కి నర్సింగ్ కాలేజీకి వెళ్లింది. క్లాసులో ఆవిడ కాక ఇంకో తొమ్మిదిమంది డాక్టర్లున్నారట. పాఠం చెప్పే ఎడితా ఒకప్పుడు మా ఆస్పత్రిలో ఈవిడ చేతికింద నర్సు. మొదటిరోజే మంచం మీద దుప్పటి పరిపించింది.

"మూల సరిగ్గా మడతపడలేదు డాక్టరమ్మా. మళ్లీ మొదట్నుంచి."

"సరే మేడమ్," అందట ఈవిడ.

వినయం నేర్పని చదువూ ఒక చదువేనా?

పరీక్ష పాసైంది. మాలో ఎవరు ఏ పరీక్ష పాసైనా వీధిలో ఫ్లెక్సీ కట్టి తీరాలి. ఉన్న ఒక్క డాక్టరూ వెళ్లిపోతున్నందుకు మేం కట్టినంత ఫ్లెక్సీ లోకంలో ఇంకెవరూ కట్టి ఉండరు! అందులో మేయరు ముఖం మూరెడు, ఆవిడ ముఖం బెత్తెడు. పందిని నిలువునా కాల్చాం. ఉత్సవ కమిటీ అధ్యక్షుణ్ణి నేనే. ఊరంతా తిని చేతులు కడుక్కున్నాక, సోమవారం నుంచి ఈయన గుండె ఎవరు చూస్తారని మా ఆవిడ అడిగింది. కొత్త డాక్టరు కోసం ప్రకటన ఇచ్చామన్నాడు మేయరు.

ఆ ప్రకటనకు ఇప్పుడు రెండేళ్లు. నడుమ పరాయి దేశం డాక్టర్లు ఆరుగురు ఉచిత వైద్యం చేస్తామని దిగారు. వాళ్ల లైసెన్సు మా గడ్డ మీద చెల్లదుగా! రాజధాని నుంచి అనుమతి కాగితం రాలేదు. నాలుగు రోజులు మామిడిపళ్లు తిని, పిల్లలకు టూత్‌బ్రష్‌లు పంచి వెళ్లారు. వాళ్లలోని గుండె డాక్టరు నా పక్కనే కూర్చుని, నా ఆయాసం వింటూనే, పళ్లెలా తోముకోవాలో సైగలతో నేర్పాడు. సమానత్వం అంటే ఇదీ! వాళ్ల డాక్టర్లు ఇక్కడ డాక్టర్లు కారు, మావాళ్లు అక్కడ కారు. ఎవరికీ అన్యాయం జరగలేదు.

పోయిన నెల ఒకరోజు పొద్దున వల బాగుచేస్తుంటే ఛాతీ మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టయింది. ప్రకటనకు ఫోన్ చెయ్యలేం కనుక మా ఆవిడ అమెరికాకు వీడియో కాల్ చేసింది. డాక్టరమ్మ అక్కడ వృద్ధాశ్రమంలో డ్యూటీలో ఉంది. నా ముఖం చూసి గొంతు తగ్గించింది.

"ఎడమ చెయ్యి లాగుతోందా బాబాయ్?"

"లాగుతోందమ్మా."

"ఆస్పిరిన్ ఒకటి నమిలి మింగు. అడుగు తీసి అడుగు వెయ్యొద్దు. మోసుకెళ్లి లాంచీ ఎక్కించమను, ఇప్పుడే. నేను చెప్పానని మాత్రం ఎక్కడా అనకు. ఇక్కడ జబ్బు పేరెత్తే హక్కు నాకు లేదు."

అవతలి ఒడ్డున పెద్దాస్పత్రిలో నన్ను బతికించారు. మూడో రోజు కుర్ర డాక్టరొకడు నా కాగితాలు తిరగేశాడు.

"ఆ మాత్ర నమలకపోతే ఇక్కడిదాకా వచ్చేవారు కాదు తాతగారూ. ఎవరు చెప్పారు?"

మాటిచ్చాను కదా. ఎవరో నర్సు చెప్పిందన్నాను.

అతను చీటీ రాస్తూ తల ఊపాడు. "మంచి బుర్ర. డాక్టరు చదివుంటే బావుండేది."