కొడవలికి జడిసిన కామందు

పల్నాట్లో కామందులు పాలేళ్ళకు భయపడుతూ బతుకుతున్నారన్న సంగతి 1944లో అప్పీలు కోర్టువారు కనిపెట్టేదాకా మనకెవరికీ తెలియదు. అంతటి భయంకరుడైన పాలేరు యేసుపాదం. ఆ సంగతి అతనికీ తెలియదు, పాపం.

గురజాల అవతల ఒక ఊళ్ళో శివరామయ్యగారికీ వీరాంజనేయులుకూ గట్టు తగాదా. శివరామయ్యగారి పాలేరు యేసుపాదం పట్టపగలు వీరాంజనేయులు గడ్డివామిని తగలబెట్టాడు. యుద్ధం రోజులు. అగ్గిపెట్టె కామందుల మొలలో తప్ప కంటికి కనపడేది కాదు. దాన్ని అందించిన చెయ్యి శివరామయ్యగారిదేనని దారినపోయేవాళ్ళు చెప్పారు. కింది కోర్టు ఇద్దరికీ చెరి రెండేళ్ళు వేసింది. ఇద్దరూ అప్పీలు చేసుకున్నారు. యేసుపాదానికి కావలసింది ఒకటే, ఇంటికి పోవడం. భార్య ఫిలోమినాకు నెలలు నిండుతున్నాయి.

తక్షణం ప్రాణం పోతుందన్న భయంతో చేసింది నేరం కాదని చట్టంలో చల్లని సెక్షన్ ఒకటుంది. యేసుపాదం తరఫున ధర్మానికి వాదించే వకీలు దాన్నే పట్టుకున్నాడు. జడ్జిగారు దయామయులు. తామే విచారించారు.

"నిన్ను చంపుతానన్నాడా?"

"లేదండి. కానీరా అన్నారండి."

"ఆయన చేతిలో ఏముంది?"

"చుట్టండి."

"కాదంటే ఏమయ్యేది?"

యేసుపాదం తెల్లబోయాడు. "కాదనటమేందండీ?"

చుట్టవల్ల తక్షణ మరణం సంభవించదని కోర్టువారు నిశ్చయించారు. అప్పుడు శివరామయ్యగారి పెద్ద వకీలు గౌను సవరించుకుని లేచాడు.

"మహాప్రభో! ఆ సమయాన ఈ పాలేరు చేతిలో ఏముంది? కొడవలి! పదునుపెట్టిన కొడవలి! నా క్లయింటు, నిరాయుధుడు, భోజనానంతరం చుట్ట కాల్చుకుంటున్న గృహస్థు, ప్రాణభయంతో అగ్గిపెట్టె ఇవ్వక ఏం చేస్తాడు?"

గడ్డి కోస్తుంటే పిలిచారని చెబుదామని యేసుపాదం నోరు తెరిచాడు. శివరామయ్యగారు అతనికేసి చూశారు. నోరు మూతపడింది. దీన్ని కోర్టువారు పశ్చాత్తాపంగా గుర్తించి తీర్పులో మెచ్చుకున్నారు. అదే తీర్పులో శివరామయ్యగారిని విడుదల చేసి, యేసుపాదం శిక్ష ఖాయం చేశారు.

ఊరివాళ్ళు కామందుగారిని మేళంతో తీసుకొచ్చి సభ పెట్టారు. ఇన్నేళ్ళుగా ఇన్ని కొడవళ్ళ నడుమ గుండె చిక్కబట్టుకుని సేద్యం చేసిన ధీరుడని పొగిడారు. శివరామయ్యగారు కళ్ళు తుడుచుకున్నారు.

జైల్లో మాత్రం యేసుపాదం దశ తిరిగింది. కామందునే వణికించినవాడని తోటి ఖైదీలు గోడవార చోటిచ్చారు. వార్డరు ఒకసారి 'గారు' కూడా అన్నాడు. పదిమందీ అనగా అనగా, నిజమేనేమో అని అతనికీ అనిపించసాగింది.

కోతలయ్యాక ఫిలోమినా చంటివాణ్ణెత్తుకుని చూడవచ్చింది. బిడ్డ మొహం చూడగానే యేసుపాదానికి ఏడుపాగలేదు.

"ఏందయ్యా, కామందు నిన్ను జూసి జడుసుకున్నాడంటగా?"

"కోర్టోళ్ళే అన్నారు గదే." యేసుపాదం కళ్ళు తుడుచుకుని మీసం సవరించుకున్నాడు.

"మొన్న ఆయన చేలో కోతకి చానామందిమి పోయాం. అందరి చేతుల్లోనూ కొడవళ్ళే. ఆయన మా మధ్యన మంచమేయించుకుని గుర్రుపెట్టి నిద్రపోయాడు."

యేసుపాదానికి ఒళ్ళు మండింది. "నేనిక్కడ మగ్గిపోతుంటే, అంతమంది ఉండి ఒక్కళ్ళూ ఏమీ అనలేదటే?"

"అనకేం, అన్నాం." ఫిలోమినా బిడ్డను భుజం మార్చుకుంది. "అయ్యగోరి మొహాన ఎండ పడతందన్నాం. నలుగురం పట్టుకుని మంచం నీడకి జరిపాం, నిద్ర చెడకుండా."