చెప్పుల్లేని వారికి వాడవలసిన హిందీ

అల్లూరు ప్రాంత రొయ్యల రైతుల సంఘం నలభై రోజులు నడిపిన వీధి హిందీ శిక్షణ తరగతులు దిగ్విజయంగా ముగిశాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. బడిలో నేర్చిన హిందీ రొయ్యలు పెంచే గుంటల దగ్గర పనికిరావడం లేదని కనిపెట్టినవారు సంఘాధ్యక్షులు పెంచలకృష్ణ గారు. 'ఆప్', 'జీ' అంటే ఉత్తరాది పనివాళ్ళు నెత్తికెక్కుతారట. ఎక్కినట్టు ఎవరూ చూడలేదు. దూరదృష్టి అంటే అదే మరి.

ముందుగా ఇంట్లో ఉర్దూ మాట్లాడే టైలర్ హబీబ్‌ను 'అబే' (ఒరేయ్), 'చల్ హట్' (పో అవతలికి) లాంటి మాటలు నేర్పమన్నాం. "ఆ మాటలు దోస్తులు ఒకళ్ళనొకళ్ళు అనుకునేవన్నా. దోస్తీ లేకుండా అంటే తిట్టినట్టే," అని ఊరుకున్నాడు. అంత చిన్న పాఠంతో నలభై రోజులు ఎలా గడుస్తాయి? అందుకని జీవానందం గారిని పిలిచాం. నాగపూర్ లారీ ఆఫీసులో రెండేళ్ళు ఈ మాటలన్నీ పడి వచ్చిన అనుభవశాలి ఆయన.

ఏది ఎవరితో అనాలో ఆయన పట్టిక వేసి ఇచ్చారు. బ్యాంకు మేనేజరుకు 'జీ'. రొయ్య కొనే సేటుకు 'భాయ్'. గుంట కాపలా మనిషికి 'అబే'. అనుమానం వస్తే ఎదుటివాడి కాళ్ళు చూడాలి, చెప్పులు లేకపోతే 'అబే'.

అధ్యక్షులవారు తమ గుంట మనిషి మీద రోజూ సాధన చేశారు. అతనిది ఒడిశా, ఇంట్లో మాట్లాడేది హిందీ కాదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, పేరూ అడగలేదు.

ముగింపు సభ రోజు మబ్బు పట్టి, మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. అంతకుముందు రెండు పంటలు రోగానికి పోగా, అధ్యక్షులవారికి మిగిలిన ఆశ ఆ మనిషి కాసే గుంట ఒక్కటే. వారంలో రొయ్య పట్టాలి. ఆయన మైకు లేకుండానే ఉపన్యసిస్తున్నారు: "భాషంటే ఏంది? ఎవుర్ని యాడ నిలబెట్టాల్నో తెలియడమే భాష."

అప్పుడే గుంట మనిషి బురద కాళ్ళతో పరుగున వచ్చాడు. "సార్, ఏరేటర్లు ఆగిపోయినాయి. గాలాడక రొయ్య పైకొస్తా ఉండాది. జనరేటర్ గది తాళంచెవి ఇయ్యండి," అన్నాడు. అచ్చమైన నెల్లూరు తెలుగులో అన్నాడు.

తాళంచెవి అధ్యక్షులవారి జేబులోనే ఉంది. ఆయన ఆ కాళ్ళను చూశారు, సభను చూశారు. "అబే, చల్ హట్," అన్నారు.

ఉచ్చారణ అమోఘం. జీవానందం గారు కళ్ళొత్తుకున్నారు. అతను మళ్ళీ అడిగాడు. ఈసారి సభంతా ఒకే గొంతుతో 'హట్' అంది. తరువాత శాలువాలు, ఫొటోలు, భోజనాలు.

మూడు గంటలకు వెళ్ళి చూస్తే గట్టు పొడవునా రొయ్య చచ్చి పడి ఉంది. "నాలుగు నెల్లు బిడ్డల్ని సాకినట్టు సాకినామే," అని అధ్యక్షులవారి భార్య వెంకటశేషమ్మ గట్టు మీదే కూలబడింది.

సంఘం విచారణ జరిపింది. హిందీ సభలో తెలుగు మాట్లాడి గందరగోళం చేసినందుకు గుంట మనిషిని పనిలోనుంచి తీసేసింది. మూట సర్దుకుంటుంటే వెంకటశేషమ్మ మొదటిసారి అతని పేరు అడిగింది. చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ పేరు ఇక్కడ రాద్దామనుకున్నాం. మరిచిపోయాం. మీరు నవ్వకండి. మీ గేటు దగ్గర కూర్చునే మనిషి పేరేమిటో చెప్పి, అప్పుడు నవ్వండి.