బంగారు రంగు టీ డబ్బా

ఆ రోజు పొద్దున స్వాతి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. కొత్తగూడ హాస్టల్లో ఇడ్లీ తిని, బైక్ ట్యాక్సీ మీద బోరబండ వెళ్లి, ఒక గల్లీలో కొన్ని వంటిళ్లు చూసి, మధ్యాహ్నానికి గచ్చిబౌలి ఆఫీసు చేరి రిపోర్టు రాయాలి. జనం ఏ సరుకు ఎందుకు కొంటారో కనిపెట్టి చెప్పడం ఆమె కంపెనీ వ్యాపారం. నోటితో అడిగితే ఎవరూ నిజం చెప్పరు కాబట్టి, ఇళ్లకే వెళ్లి వంటింటి అరల్లో ఏముందో చూసి ఫొటో తీసుకురావాలన్నది అక్కడి సిద్ధాంతం. వంటింటి అర అబద్ధం చెప్పదని వాళ్ల గట్టి నమ్మకం.

ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేలాల్సిన వారం అది. అంతకుముందు స్వాతిని సబ్బుల సంగతి కనుక్కు రమ్మని ఒక అపార్ట్‌మెంటుకు పంపితే, అక్కడి పెద్దమనుషుల పార్కింగ్ గొడవ అంతా విని, సబ్బు మాట మరిచిపోయి తిరిగొచ్చింది. "ఇంకొక్కసారి ఇలా అయితే నా చేతుల్లో ఏమీ ఉండదు స్వాతీ" అని పై అధికారి కృష్ణప్రియ మెత్తగా చెప్పింది. కృష్ణప్రియ మెత్తగా మాట్లాడిందంటే ఆఫీసులో అందరికీ వణుకే. పైగా ఉద్యోగం పర్మినెంట్ అయిపోయిందని స్వాతి నంద్యాలలో నాన్నకు తొందరపడి చెప్పేసింది. ఆయన వీధి వీధంతా మిఠాయి పంచేశాడు. పంచిన మిఠాయి వెనక్కి రాదు కదా.

ఈసారి కనుక్కోవాల్సింది ఒక ఖరీదైన టీ పొడి గురించి. బంగారు రంగు రేకు డబ్బాలో వస్తుంది. దాన్ని మామూలు ఇళ్లలో కూడా కొంటున్నారా అన్నది ఆ టీ కంపెనీ యజమాని పట్టాభిరామయ్య అనుమానం. ఏ వస్తువు కోసం వస్తున్నామో ఆ ఇళ్లవాళ్లకు ముందే చెప్పకూడదన్నది మొదటి నియమం. అయితే ముందురోజు గల్లీలో ఇళ్లు కుదిర్చిన భూలక్ష్మి ఫోన్ చేసి, ఆఫీసు మేడం వస్తోందని ఆడవాళ్లంతా అటకలు దులుపుతున్నారని చెప్పేసరికి స్వాతికి జాలేసింది.

"అయ్యో, ఏం చేయొద్దక్కా. ఇల్లు ఎట్లుంటే అట్లే ఉండనీండి. ఆ బంగారు డబ్బా టీ పొడి ఎవరైనా వాడతారేమో చూసి పోతా, అంతే" అంది.

అంతే అనుకుంది పాపం.

భూలక్ష్మి ఇంట్లో పొయ్యి పక్కనే డబ్బా మెరుస్తూ కనబడింది. స్వాతి ప్రాణం లేచొచ్చింది. ఫొటో తీసి ఆఫీసుకు పంపింది. పక్కింటి రోహిణి గుమ్మంలోనే ఆపి, ఊరు, పేరు, పెళ్లి సంగతి నింపాదిగా అడిగి, ఆ తర్వాతే లోపలికి రానిచ్చింది. అక్కడా డబ్బా ఉంది. మూడో ఇంటావిడ మంచినీళ్లిచ్చి, పెరట్లోకి రెండుసార్లు తొంగి చూసి, అప్పుడు వంటింట్లోకి దారి తీసింది. డబ్బా అక్కడా ఉంది. ఫొటోలు వెళ్తున్నకొద్దీ ఆఫీసు నుంచి చప్పట్ల బొమ్మలు వస్తున్నాయి.

నాలుగో ఇంట్లో ఫొటో తీయబోతూ స్వాతి ఆగిపోయింది. డబ్బా మూత మీద పసుపు వేలిముద్ర ఉంది. ఫోన్లో పాత ఫొటోలు పెద్దవి చేసి చూసింది. అన్నింటిలోనూ అదే చోట అదే ముద్ర.

గుమ్మం దగ్గర భూలక్ష్మి ఆయాసపడుతూ చెమట తుడుచుకుంటోంది.

"అక్కా, నిజం చెప్పండి. అన్ని ఇండ్లల్లోనూ ఒకటే డబ్బా తిరుగుతోంది కదా?"

"మరేం జేయాలె బిడ్డా. ఫొటో తీస్త అంటివి. రోహిణి ఇంట్ల చాయ్‌పత్తా కవర్ల ఉంటది. గా కవర్‌ని ఎవలన్న ఫొటో తీస్తరా? గల్లీ ఇజ్జత్ ఏం గావాలె? నువ్వు ఫికర్ జేయకు, ఇంకో ఇల్లే గద మిగిలింది."

స్వాతి కృష్ణప్రియకు ఫోన్ చేసింది. ఆమె గొంతు ఉత్సాహంతో ఊగిపోతోంది.

"స్వాతీ, సూపర్. సార్ హైటెక్ సిటీలోనే ఉన్నారు. నీ ఫొటోలు చూసి గోడౌన్ రెట్టింపు చేస్తామంటున్నారు. ఇద్దరం అక్కడికే వస్తున్నాం."

"మేడం, ఒక చిన్న విషయం..."

"వచ్చాక చెప్పు. నీ కన్ఫర్మేషన్ లెటర్ కూడా తెస్తున్నా."

చెప్పాల్సిన మాట స్వాతి గొంతులోనే ఉండిపోయింది. నాన్న పంచిన మిఠాయి దానికి అడ్డం పడింది.

కారు గల్లీలో పట్టక మూల మీదే ఆగింది. పట్టాభిరామయ్య నడిచొచ్చి భూలక్ష్మి ఇంట్లో కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా డబ్బాను చూసి పొంగిపోయాడు. భూలక్ష్మి టీ పెట్టిచ్చింది. ఆయన ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు.

"ఈ రుచి ఇంకెవరికీ రాదండి. కళ్లకు గంతలు కట్టి ఇచ్చినా నేను చెప్పేస్తాను."

"సార్, మీరు మాట్లాడుతుండండి. నేను పక్కింట్లో చూసొస్తా" అంటూ కృష్ణప్రియ లేచింది.

డబ్బా ఇక్కడ, ఆవిడ అక్కడ. భూలక్ష్మి స్వాతి వైపు చూసింది. ఆ తర్వాత తను ఏం చేసిందో స్వాతికే సరిగ్గా తెలియదు. ఆయన ఇంకో గుక్కకు కళ్లు మూసుకోగానే డబ్బా చున్నీ కింద దాచి, పెరట్లోకి పరుగెత్తి, బట్టలుతికే బండెక్కి, గోడ మీదుగా రోహిణికి అందించింది. కనిపెట్టడానికి వచ్చిన పిల్ల మోసుకెళ్లే పనిలోకి దిగిపోయింది. ఇంతలో లోపలి నుంచి పట్టాభిరామయ్య గొంతు వినిపించింది.

"ఆ డబ్బా ఒకసారి ఇటివ్వండి. వాసన చూసి ఎప్పటి సరుకో చెప్తాను."

"జర ఆగుండ్రి సార్, లోపల పెట్టిన, తెస్త" అని భూలక్ష్మి పెరట్లోకి వచ్చి చేతులు తిప్పింది. గోడ అవతల కృష్ణప్రియ ఫొటో తీయడం ముగిసీ ముగియగానే రోహిణి డబ్బా పైకెత్తింది. స్వాతి తొందరలో గోడెక్కి, అటో కాలూ ఇటో కాలూ వేసి అందుకోబోయింది. మూత ఊడింది. పొడి అంతా ఆమె మీద పడింది.

ఆ చప్పుడుకు ఇటు నుంచి పట్టాభిరామయ్య, అటు నుంచి కృష్ణప్రియ ఒకేసారి బయటికొచ్చారు. గోడ మీద స్వాతి, చేతిలో ఖాళీ డబ్బా, నెత్తి నిండా టీ పొడి.

పట్టాభిరామయ్య గోడ మీద పడిన పొడిని చిటికెడు తీసి వాసన చూశాడు. "ఇదేంటండీ, ఇది మాది కాదే."

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. భయం అంచు దాటాక వచ్చే ధైర్యమేదో స్వాతికి వచ్చింది.

"కాదు సార్. గల్లీ మొత్తానికి ఉండేది ఒక్కటే డబ్బా. అందులో ఉండేది విడి పొడి. ఇందాక మీరు తాగిందీ అదే. వీళ్ల తప్పేం లేదు. దేనికోసం వస్తున్నానో ముందే చెప్పేసింది నేను."

కృష్ణప్రియ కళ్లు మూసుకుంది. భూలక్ష్మి ముందుకొచ్చింది. "మా ఆయన ఆఫీస్ బస్ నడుపుతడు సార్. నిరుడు పండక్కి ఆల్ల కంపెనీల ఇచ్చిన్రు. మీ పొడి గప్పుడే అయిపోయింది. డబ్బా మంచిగున్నదని పారేయబుద్ధి గాలె. చుట్టాలొస్తే ముందల పెడ్తం."

"మరి పొడి మళ్లీ కొనలేదేమండి?"

"పొడి ఎక్కడనన్న దొర్కుతది సార్."

పట్టాభిరామయ్య ఖాళీ డబ్బా అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. స్వాతికి ఆ కాసేపట్లో నంద్యాల వీధి అంతా కళ్లముందు తిరిగింది. చివరికి ఆయన కృష్ణప్రియ వైపు తిరిగాడు.

"గోడలు దాటించి మరీ చూపించుకున్నారంటే, ఇన్నాళ్లూ మేం టీ అనుకుని వేరే సరుకు అమ్ముకుంటున్నామండి. గోడౌన్ సంగతి వదిలేయండి. ఈ అమ్మాయి చెప్పింది చెప్పినట్టు రాయమనండి." గొంతు తగ్గించాడు. "నేను టీ తాగి అన్న మాట మాత్రం రిపోర్టులో అక్కర్లేదు."

లెటర్ అందుకున్నప్పుడు దాని మీద స్వాతి జుట్టులోంచి కొంచెం పొడి రాలింది. ఆమె ఏడ్చింది కూడా. కృష్ణప్రియ మెత్తగా ఏమీ అనలేదు, గట్టిగా తిట్టింది. ఆ తిట్లకు స్వాతి మనసు కుదుటపడింది.

తర్వాత టీ కంపెనీ ఖాళీ డబ్బాను విడిగా, చవగ్గా అమ్మకానికి పెట్టింది. నగరమంతా బాగా పోయింది. ఆ గల్లీలో మాత్రం ఒక్కరూ కొనలేదు. కారణం కనుక్కు రమ్మని, ఇప్పుడు పర్మినెంట్ అయిన స్వాతినే పంపారు.

"మాకున్నది గద బిడ్డా" అంది భూలక్ష్మి, ఇది కూడా అడగాలా అన్నట్టు చూసి.

స్వాతి ఆ మాట రాసుకుని, ఫొటో కోసం డబ్బా చూపించమంది. ఆ పూట అది రోహిణి ఇంట్లో ఉంది.