హిల్డా గారి ఎర్ర సంచి, ఎలియాజరు గారి మీసం

“రూపవతక్కా! నేరం చేసి నా ముక్కు ముందు నుంచి తప్పించుకోగల మొనగాడు ఈ కెనడాలో ఇంకా పుట్టలేదు. వేరే దేశంలో పుట్టి ఉంటే వాడికి వీసా రాదు!”

ఈ ప్రకటన చేసి ఎలియాజరు గారు బూట్లకంటిన మంచును మా వంటింట్లోనే దులిపారు. ఆయన బెజవాడ రైల్వే పార్సిల్ ఆఫీసులో రిటైరై, ఇక్కడి కేంబ్రిడ్జ్‌లో కూతురి దగ్గరికి వచ్చారు. పార్సిల్‌ని చేత్తో ఊపి లోపలేముందో చెప్పేవాణ్ణని ఆయన గొప్ప. ఆ ధీమాతోనే ఇక్కడ అపరాధ పరిశోధన మొదలుపెట్టారు. ఇంతవరకూ ఛేదించినవన్నీ ఆయన కళ్లజోడు కనబడకపోయిన కేసులే. ఆ రోజు మాత్రం పెద్ద మీసం అంటించుకుని దిగారు.

“మీసమెందుకండీ?” అన్నాను.

“మారువేషం. నన్నెవరూ గుర్తుపట్టకూడదు.”

“ఈ వీధిలో మిమ్మల్ని గుర్తుపట్టేదే మేం ఇద్దరు ముగ్గురం.”

“అందుకే మరీ జాగ్రత్త!”

కేసు మా పక్కింటి హిల్డా గారిది. పెళ్లయిన కొత్తలో జర్మనీ నుంచి వచ్చి ఇక్కడే ముసలిదైంది. పుట్టింది బాడ్ ఎల్మ్‌బ్రున్ అనే చిన్న ఊళ్లో. కొండల మధ్య ఊరు, కుళ్లిన గుడ్ల వాసన కొట్టే వేణ్ణీళ్ల ఊట. పూర్వం ఒక కుంటి గొర్రె ఆ బురదలో పడుకుని లేచి పరుగెత్తిందట. అది విని, కీళ్లనొప్పుల జమీందారు ఒకాయన బండి కట్టించుకుని వచ్చాడట. గొర్రె పరుగెత్తిందని అందరూ చెబుతారు గానీ జమీందారు పరుగెత్తాడని ఎవరూ చెప్పరు. అయినా ఊరికి పేరొచ్చింది. హోటళ్లు లేచాయి, పూలతోటలు వేశారు, పొద్దున్నే బ్యాండు మేళం పెట్టారు. ఆ మేళం వింటూ మెల్లగా నడుస్తూ, గుక్కగుక్కగా ఆ నీళ్లు తాగడమే వైద్యం. యుద్ధమొస్తే హోటళ్లు ఆసుపత్రులయ్యాయి. యుద్ధం పోతే మళ్లీ హోటళ్లయ్యాయి. ఊరికి మాత్రం తొందర రాలేదు. మధ్యాహ్నం ఎవరూ తివాచీలు దులపకూడదు, రోగులు నిద్రపోతుంటారు. “మా ఊళ్లో కుక్కలు కూడా డాక్టరు చెప్పినట్టే నడుస్తాయి” అనేది హిల్డా.

అక్కడికి వచ్చిన ప్రతి మనిషికీ సొంత కప్పు ఉంటుందట. తలో రంగు ఉన్ని సంచిలో వేసి ఊట దగ్గర అలమరలో పెట్టుకుంటారట. హిల్డా కప్పు ఎర్ర సంచిలో, మూతికి తాడు బిగించి, ఆవిడ వంటింటి మేకుకు వేలాడేది. చూపించమంటే, “ఆ నీళ్లు లేనిచోట దాన్నెందుకు బయటికి తియ్యడం?” అనేది. అందుకని అదెలా ఉంటుందో మాలో ఎవరికీ తెలియదు.

శుక్రవారం ఆవిడ కాల్గరీలో కొడుకు దగ్గరికి పూర్తిగా వెళ్లిపోతోంది. క్రిందటి శనివారం మా చర్చి ఆడవాళ్లమంతా ఆవిడ ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాం. ఆదివారం ఆవిడ మా ఇంట్లో భోంచేసి, వద్దన్నా వినకుండా గిన్నెలన్నీ తుడిచి సర్దింది. సోమవారం సామాను సర్దడానికి సాయం వెళ్తే మేకు ఖాళీ!

“నీ కప్పేది హిల్డా?” అన్నాను.

“ఉండాల్సిన చోటే ఉంది” అని నవ్వింది.

ఆ నవ్వు చూసి ఎలియాజరు గారికి కబురు పెట్టాను. మర్యాదస్థురాలు, అడగలేకపోతోంది. మనవాళ్లెవరో తీశారనుకుంటూ వెళ్లిపోతే? ఇన్నేళ్ల స్నేహానికి మిగిలేది ఆ అనుమానమేనా?

“ఆవిణ్ణి బెదిరించారు!” అన్నారు ఎలియాజరు గారు.

“ఎవరండీ?”

“జమీందారు వారసులు! గొర్రె దగ్గర మొదలైన కుట్ర ఇది. పేరులోనే బ్యాడ్ ఉన్న ఊరు మంచిదెలా అవుతుంది?”

“జర్మన్‌లో స్నానమని అర్థమటండీ.”

“నేరస్థుల భాష అలాగే ఉంటుంది. కప్పుకి సంచి ఎందుకు? బంగారు పాత్ర కాబట్టి!”

మగ్గులో టీ ఇచ్చాను. ఆవిరికి మీసం ఒక పక్క ఊడి వేలాడింది. ఆయన మా అలమర వెతికి, ముక్కున్న తెల్ల పింగాణీ ఉగ్గుగిన్నె ఒకటి దించారు.

“అయ్యో, పాపదండీ అది!”

మా కోడలు జెస్లిన్ పసిపిల్ల ఏనీ కోసం కొన్నదనుకున్నాను.

“పాప బాటిల్‌తోనే తాగుతోందిగా అక్కా. దీంతో అయితే మీసం తడవదు.” సర్రున పీల్చారు. “ఆహా! ఎవడు కనిపెట్టాడో గాని మహానుభావుడు!”

అప్పట్నుంచి పరిశోధనంతా ఆ ఉగ్గుగిన్నె చేత్తో పట్టుకునే సాగింది. శనివారం ప్రార్థనకొచ్చిన నీరజ హ్యాండ్‌బ్యాగు ఊపి, “బరువు, లోహం, బంగారం!” అన్నారు. లోపల ఆవకాయ సీసా మూత ఊడింది. నీరజ నాతో మాటలు మానేసింది. తర్వాత ఆధారమంటూ హిల్డా చేతితొడుగు ఒకటి పట్టుకొచ్చారు.

శుక్రవారం పక్కింటి ముందు కారు ఆగింది. నేను బాత్‌రూమ్‌లో దూరి కొళాయి తిప్పాను. ఎవరు వెళ్తున్నా నేను చేసేది అదే. మా ఆయన్ని ఆంబులెన్స్ ఎక్కించినప్పుడు కూడా కొళాయి తిప్పుకునే ఉన్నాను.

జెస్లిన్ తలుపు బాదింది. “అత్తయ్యా, త్వరగా రండి! హిల్డా ఆంటీ గ్లవ్ కోసం వస్తే ఎలియాజరు అంకుల్ అరెస్ట్ చేస్తున్నారు!”

పరుగెత్తాను. హిల్డా కోటు జేబులోంచి ఎర్ర ఉన్ని సంచి సగం బయటికొచ్చి ఉంది. ఎలియాజరు గారు ఒక చేతిలో టీ గిన్నె, రెండో చేతిలో సంచి.

“దొరికింది! నా సొత్తు నేనే దొంగిలించుకున్నానని ఒప్పుకోండి మేడమ్! పాత్ర ఎక్కడ?”

ఆవేశానికి మీసం పూర్తిగా ఊడి టీలో పడింది.

హిల్డా ఆయన చేతిలోంచి గిన్నె తీసుకుంది. మీసాన్ని సింకులో పడేసి, గిన్నె కడిగి తుడిచింది. ఎర్ర సంచి అందుకుని అందులోకి జార్చింది. గిన్నె ముక్కు సంచిలో తన మూలకి తానే వెళ్లి కూర్చుంది.

“అత్తయ్యా, అది మీరు తెచ్చిన ఉగ్గుగిన్నె కాదా?” అంది జెస్లిన్.

“నువ్వు కొన్నావనుకున్నానే!”

హిల్డా నా వైపు తిరిగింది. “మా ఊరికి వచ్చేవాళ్లంతా వెళ్లిపోయేవాళ్లే. అందుకే అక్కడ ఎవరూ వీడ్కోలు చెప్పరు. మళ్లీ వచ్చే మనిషి కప్పు అలమరలో వదిలి, సంచి జేబులో పెట్టుకుని పోతుంది. కెనడా వచ్చేటప్పుడు నేను రెండూ తెచ్చేసుకున్నాను. మా అమ్మ ఖాళీ అలమర చూసి గుమ్మం దాకా కూడా రాలేదు. నువ్వు బాత్‌రూమ్‌లో ఉంటావని నాకు తెలుసు రూపా. అందుకే ఆదివారమే కప్పు నీ అలమరలో పెట్టేశాను.”

కప్పు మీంచి సంచి తీసి జేబులో పెట్టుకుంది. కప్పుని అలమరలో, ముక్కు కిటికీ వైపు ఉండేలా పెట్టింది. తొడుగు వేసుకుని వెళ్లింది. లోపల కొళాయి అలా పారుతూనే ఉంది. నేను మాత్రం కారు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడ్డాను.

వెనక్కి వచ్చేసరికి ఎలియాజరు గారు తడి మీసాన్ని హీటర్ మీద ఆరేస్తున్నారు.

“చూశారా అక్కా! మొదటి రోజే వస్తువుని స్వాధీనం చేసుకున్నాను. మిగతాదంతా విచారణే. ఈ సందర్భంగా ఇంకొంచెం టీ...”

చెయ్యి అలమర వైపు చాచారు. నేను మగ్గు అందించాను.

“మీకు ఇకనుంచి దీంట్లోనే. ఆ కప్పుకి మనిషి ఉంది. వస్తుంది.”